నల్ల అబలోనీని బతికిస్తున్నది ఏమిటి?

సంపాదకులకు నమస్కారం.

అంతరించిపోతున్న సముద్రజీవులపై మీ విజ్ఞాన పుటలో వచ్చిన వ్యాసం ఆసక్తితో చదివాను. అందులో, కాలిఫోర్నియా తీరపు నల్ల అబలోనీలో వ్యాధిని తట్టుకునే జన్యువు ఉందనీ, అది ఉన్నవాటిని ఎంచి పెంచితే జాతి కోలుకుంటుందనీ ఒక వాక్యం ఉంది. ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం బోధించి, ఇప్పుడు రొయ్యల చెరువుల నడుమ ఉంటున్న నేను ఆ వాక్యాన్ని అలా వదిలేయలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

అబలోనీ ఒంటి చిప్ప గల సముద్రపు నత్త. వెడల్పాటి కండర పాదంతో రాతిని కరచుకుని, నీటిలో కొట్టుకొచ్చే నాచును తిని బతుకుతుంది. దక్షిణ కాలిఫోర్నియాకు ఎదురుగా ఉన్న చానెల్ దీవుల్లో ఈ నత్తలు పట్టు సడలి రాళ్ల మీది నుంచి రాలిపోవడాన్ని 1985లో మొదట గమనించారు. రికెట్సియా తరహా బ్యాక్టీరియా ఒకటి వీటి జీర్ణనాళపు కణాల్లో చేరుతుంది. తిన్నది ఒంటబట్టక నత్త తన పాదపు కండరాన్నే కరిగించుకుంటూ కృశించిపోతుంది. నీరు వెచ్చబడిన కొద్దీ వ్యాధి తీవ్రమవుతుంది. అనేక చోట్ల నూటికి తొంభైకి పైగా చనిపోగా, 1993లో కాలిఫోర్నియా వీటి వేటను ఆపింది. 2009లో అమెరికా ప్రభుత్వం దీనిని అంతరించే ముప్పున్న జాతిగా ప్రకటించింది.

ఆ దీవుల్లో శాన్ నికోలస్ ఒకటి. అక్కడ కూడా వ్యాధి ఊడ్చుకుపోయింది, కానీ మిగిలిన కొద్దిపాటి నత్తల నుంచి సంఖ్య మెల్లగా పెరగడం మొదలైంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన కారొలిన్ ఫ్రీడ్‌మన్ బృందం ఆ దీవి నత్తల సంతతినీ, వ్యాధి ఎరుగని మధ్య కాలిఫోర్నియా తీరపు కార్మెల్ ప్రాంతపు నత్తల సంతతినీ పక్కపక్కన ఉంచి వ్యాధికి గురిచేసి, ఫలితాలను 2014లో ప్రచురించింది. ఒక సందర్భంలో దీవి సంతతి మెరుగ్గా బతికిన మాట నిజం. అయితే వారు ఎదురుచూడనిది మరొకటి కనిపించింది: ఆ బ్యాక్టీరియానే పట్టి పీడించే ఒక వైరస్. బ్యాక్టీరియాకు ఆ వైరస్ సోకి ఉన్నచోట నత్తలో వ్యాధి భారం తగ్గింది, చావులూ తగ్గాయి. అంటే నత్త వంశపారంపర్యంగా పొందిన బలం ఒకటి, శత్రువు తానే బలహీనపడటం మరొకటి. రెండూ కలిసి పనిచేస్తున్నాయని వారు భావించారు. బతికిన నత్త గొప్పతనమంతా దాని జన్యువులకే ఆపాదిస్తే, వైరస్ లేని తీరానికి దానిని తరలించిన రోజున మన లెక్క తప్పవచ్చు.

ఆ పరిశోధనలోనే నాకు మరింత ముఖ్యంగా తోచిన విషయం ఇంకొకటి ఉంది. ఈ నత్తల జీర్ణగ్రంథి బ్యాక్టీరియాను చాలా వరకు అడ్డుకుంటుంది గానీ, అన్నవాహిక చివరి భాగం మాత్రం దానిని లోపల ఉంచుకునే సహిస్తుంది. రోగం లేకపోవడం వేరు, రోగక్రిమిని మోస్తూ బతకగలగడం వేరు. ఈ తేడా మన గోదావరి, కృష్ణా, నెల్లూరు జిల్లాల రైతులకు అనుభవంలో ఉన్నదే. ఎస్‌పీఎఫ్ (నిర్దిష్ట రోగక్రిములు లేని) తల్లి రొయ్యల నుంచి తీసిన సీడ్, అంటే రొయ్య పిల్లలు, అన్నప్పుడు, ఆ తల్లులు ఫలానా రోగక్రిములు లేకుండా పెరిగాయని మాత్రమే అర్థం. ఆ సీడ్ మన చెరువులో తెల్లమచ్చ వైరస్‌ను ఎదుర్కొని నిలుస్తుందని కాదు. రొయ్యలకే సోకే టారా అనే మరో వైరస్‌ను తట్టుకునే వనామీ రొయ్య వంశాలను తరతరాల ఎంపికతో తయారు చేయగలిగారు, తెల్లమచ్చ విషయంలో ఆ పని అంత తేలికగా కాలేదు. అబలోనీలో చిక్కు దీనికి తిరగబడి వస్తుంది: క్రిమిని సహించే నత్తను బలమైనదని నమ్మి, వ్యాధి లేని గుంపులోకి చేరిస్తే, దానితోపాటు క్రిమిని కూడా మోసుకెళ్లి వదిలినట్లే.

ఇక ఎంచి పెంచడం సంగతి. నల్ల అబలోనీ చేత తొట్టెల్లో గుడ్లు పెట్టించడమే చాలా కష్టం. పెట్టించగలిగినా, ఒక్కో ఆడ నత్త లక్షల గుడ్లు వదులుతుంది కాబట్టి నాలుగైదు జంటల సంతతితోనే తీరమంతా నింపేయవచ్చు. అదే నాకు భయం. అవన్నీ దగ్గరి బంధువులే అవుతాయి. ఈ వ్యాధిని గెలిచినా, మరో వ్యాధి వచ్చిననాడు భిన్నంగా స్పందించే నత్త వాటిలో మిగలకపోవచ్చు. ఈ జాతి జన్యుపటం 2022లో ప్రచురితమైంది. నా దృష్టిలో దాని మొదటి ఉపయోగం ఒక గొప్ప జన్యువును వెతకడం కాదు; ఏ రేవులో ఎంత వైవిధ్యం మిగిలి ఉందో చూసి, తల్లిదండ్రులను వీలైనన్ని చోట్ల నుంచి ఎంచుకోవడం.

పైగా ఈ నత్తలు అండాలను, శుక్రకణాలను నేరుగా నీటిలోకి వదులుతాయి. ఆడ, మగ దగ్గరగా లేకుంటే గుడ్లు ఫలదీకరణ చెందవు. వ్యాధిని జయించిన నత్త ఒంటరిగా ఒక బండను పట్టుకుని ఉంటే, దాని జన్యువులు దానితోనే అంతరిస్తాయి. 2020లో కాలిఫోర్నియా తీరాన చెలరేగిన డోలన్ దావానలం తర్వాత, 2021 జనవరి వర్షాలకు అక్కడి బిగ్ సర్ కొండల నుంచి జారిన మట్టి, రాళ్ల కింద నల్ల అబలోనీలు పూడిపోయాయి. ప్రాణాలతో ఉన్నవాటిని పరిశోధకులు చేతులతో తవ్వి తీసి రక్షించారు. వ్యాధిని తట్టుకునే గుణం ఎంత ఉన్నా కొండచరియ ముందు అది దేనికీ పనికిరాదు. అందుకే మిగిలిన గుంపులను ఉన్నచోటనే, ఒకదానికొకటి చేరువలో, దొంగవేటకు అందకుండా కాపాడటమే ముందు జరగవలసిన పని అని నేను నమ్ముతున్నాను.

మీ విజ్ఞాన పుటను మా ప్రాంతపు హేచరీల వారు, ఆక్వా విద్యార్థులు శ్రద్ధగా చదువుతారు. దయచేసి ఈ వివరణకు అదే పుటలో చోటు కల్పించగలరు.

భవదీయుడు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
భీమవరం