చీటీ ఎగ్గొడితే పోంజీ అయిపోదు

సంపాదకులకు నమస్కారం.

చీటీల నిర్వాహకుడు ఒకాయన డబ్బుతో ఉడాయించాడన్న వార్తకు మొన్న మీరు ‘పోంజీ స్కామ్’ అని హెడ్డింగ్ పెట్టారు. అదే వారంలో లోన్ యాప్ వేధింపులకూ అదే మాట. ఇంగ్లీషు పేపర్లలో ఈ ఇటలీ ఇంటిపేరు తరచూ కనబడుతుంది కాబట్టి ఏ డబ్బు మోసానికైనా తగిలించేస్తున్నాం. ఇంగ్లీషులో మాత్రం దానికి కచ్చితమైన అర్థం ఉంది. కొత్తవాళ్లు కట్టిన సొమ్మునే పాతవాళ్లకు ‘లాభం’ అని పంచితే అది పోంజీ.

నేను పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ పేరుకు మూలమైన అసలు మోసం నడిచింది మా తపాలా సరుకు పేరు మీదే. ఇంటర్నేషనల్ రిప్లై కూపన్ అని ఒకటి ఉంటుంది. విదేశంలో ఉన్నవాళ్లు జవాబు రాయడానికి తపాలా ఖర్చు కింద ఉత్తరంతో పాటు పంపే కూపన్ అది. హామ్ రేడియో (సొంత రేడియో సెట్‌తో దూరదేశాలవాళ్లతో మాట్లాడటం) సరదా ఉన్న కుర్రాళ్లు అప్పుడప్పుడూ తెచ్చేవాళ్లు. దాని మీద ముద్ర సరిచూసుకుని, విదేశానికి ఒక మామూలు ఉత్తరం వెళ్లేందుకు సరిపడా స్టాంపులు ఇచ్చేవాళ్లం. ఎంత బతిమాలినా నగదు మాత్రం ఇచ్చేది లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్ కరెన్సీలు పడిపోయాయి. అక్కడ కూపన్లు చవగ్గా కొని అమెరికాలో మార్చుకుంటే లాభమే లాభమని బోస్టన్‌లో చార్లెస్ పోంజీ 1920లో ప్రచారం చేశాడు. 45 రోజుల్లో 50 శాతం ఇస్తానన్నాడు. జనం క్యూ కట్టారు. వాళ్లు పెట్టిన సొమ్ముకు 16 కోట్ల కూపన్లు కావాలి, లోకంలో చలామణిలో ఉన్నవి 27 వేలేనని ఆర్థిక పత్రికాధిపతి క్లారెన్స్ బారన్ లెక్క తేల్చాడు. అన్ని స్టాంపులు చేతికొచ్చినా ఎవరికి అమ్ముకుంటాడని ఒక్కరైనా అడిగారో లేదో! ఆగస్టుకల్లా పోంజీ అరెస్టయ్యాడు.

ఈ విద్య ఆయన కనిపెట్టిందేమీ కాదు. 1899లోనే బ్రూక్లిన్‌లో విలియం మిల్లర్ అనేవాడు వారానికి 10 శాతం ఇస్తానని ఇలాగే ముంచాడు. పేరు మాత్రం పోంజీకి దక్కింది.

మన చీటీ సంగతి వేరు. 20 మంది చేరితే 20 నెలల్లో ముగుస్తుంది. పాట పాడుకున్నవాడు వదులుకున్న సొమ్మును సభ్యులు పంచుకుంటారు. మధ్యలో కొత్తవాడు చేరే పనే లేదు. నిర్వాహకుడు పారిపోతే అది శుద్ధ దొంగతనం. పోంజీలో నిర్వాహకుడు ఊళ్లోనే కూర్చున్నా కొత్తవాళ్లు రావడం ఆగిన రోజున స్కీమ్ మునగాల్సిందే. చట్టాలూ వేరే. చీటీలకు 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం, అనుమతి లేని డిపాజిట్లకు 2019 చట్టం. రిజిస్టరైన చీటీలో తేడా వస్తే చిట్స్ రిజిస్ట్రార్ దగ్గరకు వెళ్లొచ్చన్న సంగతి మీ వార్తలో ఒక్క ముక్క లేదు.

ఇకమీద ఈ పేరు వాడేటప్పుడు, పాతవాళ్లకు ఇచ్చిన సొమ్ము ఎక్కడినుంచి వచ్చిందో మీ విలేకరిని ఒక వాక్యం రాయమనండి. అది తెలియకపోతే ‘మోసం’ అని రాస్తే సరిపోతుంది.

– రిటైర్డ్ పోస్టల్ అసిస్టెంట్, రాజమహేంద్రవరం