టెస్టుకు ముందు రెండు రోజుల పథ్యం

గౌరవనీయులైన సంపాదకులకు,

మీ ఆరోగ్యం పేజీని ఏ వారమూ వదలకుండా చదువుతాను. ఏ పండులో ఏ విటమిన్ ఉంది, బరువు తగ్గాలంటే ఏం మానేయాలి వంటివి బాగానే ఇస్తున్నారు. కానీ రోజూ తినే తిండికీ, చేతికొచ్చే రక్తపరీక్ష రిపోర్టుకూ ఉన్న సంబంధం గురించి మాత్రం ఎక్కడా కనిపించడం లేదు. నేను డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పొద్దున్నే రక్తం తీయడం దగ్గర్నుంచి మెషీన్ ఇచ్చిన అంకెలు సరిచూసి పంపడం దాకా నా పనే. ఆ అంకెలను జనం అర్థం చేసుకుంటున్న తీరు చూసి బాధ కలిగి ఈ ఉత్తరం రాస్తున్నాను.

చేతికి రబ్బరు పట్టీ కడుతుండగానే చాలామంది అనే మాట ఒకటుంది. "రెండు రోజుల్నుంచి స్వీటు ముట్టలేదండీ, ఈసారి షుగర్ తగ్గి ఉండాలి." పరీక్ష ముందు రాత్రి పుస్తకం పట్టుకునే పిల్లల్లా, టెస్టుకు ముందు మాత్రం పథ్యం చేస్తారు. పరగడుపు షుగర్ విషయంలో ఆ పాచిక కొంత పారుతుంది కూడా. మూడు నెలల షుగర్ పరీక్ష (హెచ్‌బీఏ1సీ) దగ్గర పారదు. రక్తంలో తిరిగే గ్లూకోజు ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. ఆ కణం బతికేది సుమారు 120 రోజులు, అంటుకున్నది అన్నాళ్లూ దాన్ని వదలదు. హెచ్‌బీఏ1సీ కొలిచేది దాన్నే. అది 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉంటే మధుమేహం అంచుల్లో ఉన్నట్టు, 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే వచ్చినట్టు లెక్క. నెల కిందటి దాకా రోజూ సాయంత్రం తాగిన కూల్‌డ్రింక్ కూడా ఆ అంకెలో ఉంటుంది. 330 మిల్లీలీటర్ల డబ్బా ఒక్కదాంట్లోనే దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి పైనుంచి కలిపిన చక్కెర 50 గ్రాములు దాటకూడదని, 25 గ్రాముల లోపే ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇంకొకటి చెప్పాలి. రక్తం ట్యూబును సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి తిప్పితే కణాలన్నీ అడుక్కి దిగి, పైన సీరం మిగులుతుంది. మామూలుగా అది లేత పసుపు రంగులో తేటగా ఉంటుంది. కొన్ని ట్యూబుల్లో మాత్రం తెల్లగా, చిక్కగా ఉండి, వెనక వేలు పెడితే కనిపించదు. అది కొవ్వు. పొద్దున ఏదో తినేసి, పరగడుపునే ఉన్నామని చెప్పినవాళ్లవి కొన్ని. నిజంగా రాత్రంతా ఏమీ తినకుండా వచ్చినా అలాగే ఉన్నవి కొన్ని. ఈ రెండో రకంవే నన్ను కలవరపెడతాయి. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే ఆ కొవ్వు, 150 లోపు ఉండాల్సినవి వాళ్లలో దానికి ఎన్నో రెట్లు ఉంటాయి. "నూనె పూర్తిగా తగ్గించేశానండీ, మరి ఇదేమిటి?" అని అడుగుతారు. నూనె ఒక్కటే కారణం అనుకోవడం దగ్గరే పొరపాటు. ఒంటికి అవసరమైనదాని కంటే ఎక్కువ చక్కెర, మద్యం లోపలికి వెళ్తే కాలేయం వాటిని కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. నూనె మానేసి, ఆ స్థానంలో సీసాల్లో దొరికే తియ్యటి జ్యూసులు పట్టించినవాళ్లను నేను చూశాను. పాపం, ఆరోగ్యం కోసమే తాగుతున్నామనుకున్నారు వాళ్లు.

అంకె ఎక్కువొస్తే కంగారుపడి డాక్టరు దగ్గరికైనా వెళ్తారు. నాకు అంతకంటే ఎక్కువ భయం 'నార్మల్' అన్న మాట చూస్తే. "సోడియం నార్మల్ వచ్చింది, ఇక ఉప్పు సంగతి పట్టించుకోనక్కర్లేదు" అంటారు. రక్తంలో సోడియాన్ని 135 నుంచి 145 మధ్య నిలబెట్టడానికి మూత్రపిండాలు రాత్రీ పగలూ పనిచేస్తాయి. ఉప్పు రోజుకు పది గ్రాములు తిన్నా ఆ అంకె సాధారణంగా కదలదు. ఆ ఉప్పు బయటపడేది బీపీ మెషీన్ మీద. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను లోపే ఉండాలి. అందులో బిస్కెట్లు, చిప్స్, బ్రెడ్, సాసుల్లో ఉన్నదీ కలిసే ఉంటుంది. కాల్షియం సంగతీ ఇంతే. తిండిలో చాలకపోతే ఒళ్లు ఎముకల్లోంచి లాగి రక్తంలో సరిచేసుకుంటుంది. రిపోర్టులో అంతా బాగానే కనిపిస్తుంది, ఎముక లోపల గుల్లవుతూ ఉంటుంది.

మా అక్క విషయం కూడా రాస్తాను, చాలా ఇళ్లలో ఇదే జరుగుతోందని నా నమ్మకం. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికే నీరసం. ఇంట్లోవాళ్లు బద్ధకం అనుకున్నారు. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8.6. ఆడవాళ్లకు 12 ఉండాలి. స్లైడు నేనే చూశాను. ఎర్ర కణాలు ఉండాల్సిన దానికంటే చిన్నవిగా, మధ్యలో వెలిసిపోయి ఉన్నాయి. ఐరన్ లోపానికి అది గుర్తు. డాక్టరు మాత్రలు రాశారు, అక్క మానకుండా వేసుకుంది, అయినా అంకె కదల్లేదు. ఓసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు చూస్తే, పొద్దున్నే ఆ మాత్రను వేడి టీతో మింగుతోంది. టీలోని టానిన్లు ఐరన్‌ను పట్టేసి ఒంటికి అందకుండా చేస్తాయి. ఆ ముక్క ఆమెకు చెప్పినవాళ్లే లేరు. మాత్ర మంచినీళ్లతో వేసుకోవడం, టీని గంటకు పైగా వెనక్కి జరపడం, పప్పు, ఆకుకూర తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోవడం, ఇంతే మార్చింది. సీ విటమిన్ తోడుంటే ఆకుకూరల్లోని ఐరన్ బాగా ఒంటబడుతుంది. తర్వాతి పరీక్షల్లో హిమోగ్లోబిన్ పెరుగుతూ వచ్చింది. ఇప్పుడు మా అక్క మెట్ల మధ్యలో ఆగడం లేదు. ఖరీదైన పొడులు, టానిక్కులు ఏవీ కొనలేదు.

మాంసం, గుడ్లు, పాలు ఏవీ ముట్టనివాళ్లు బీ12 విటమిన్ సంగతి డాక్టరును అడగాలి, మొక్కల తిండిలో అది సహజంగా దొరకదు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతున్నవాళ్లు కూడా అడగడం మంచిది. బీ12 తగ్గితే వచ్చే అరికాళ్ల తిమ్మిర్లను వయసు మీద నెట్టేసి ఊరుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

మీకు నా మనవి ఇది. వారానికి ఒక్క పరీక్ష తీసుకుని, అది ఏం చెబుతుంది, ఏం చెప్పలేదు, రోజూ తినే వాటిలో ఏది ఆ అంకెను కదుపుతుంది అన్నది డాక్టర్ల చేత రాయించండి. 'పదిహేను రోజుల్లో షుగర్ మాయం' తరహా ప్రకటనలు దయచేసి వేయకండి. వాటిని నమ్మి మందులు ఆపేసినవాళ్ల రిపోర్టులు మా చేతుల మీదుగానే వెళ్తాయి. టెస్టుకు వచ్చే ముందు రోజుల్లో ఎప్పుడూ తినేదే తినండి, చెప్పినన్ని గంటలు మాత్రం పరగడుపున ఉండండి, మంచినీళ్లు తాగవచ్చు అన్న మాటను ఆ పేజీలో పెద్దక్షరాలతో వేయండి. రిపోర్టులో మీ అసలు తిండి కనిపిస్తేనే డాక్టరు మీకు సరైన మందు రాయగలరు.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్