జెనీవాలో అప్పీలు వినే దిక్కు లేదు

సంపాదకులకు,

అమెరికా సుంకాల వార్త వచ్చిన ప్రతిసారీ 'డబ్ల్యూటీవో ఉండి ఏం లాభం' అనే మాట వినిపిస్తోంది. దేశాల మధ్య వాణిజ్య తగాదాలు వినే, జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థే ఈ డబ్ల్యూటీవో. మన రొయ్యలకే అది అక్కరకొచ్చిన సందర్భం ఉంది. 2005లో మన సరుకు మరీ చౌకగా వస్తోందంటూ యాంటీ డంపింగ్ సుంకం వేసిన అమెరికా, దానికి నగదు డిపాజిట్ కట్టించుకుంటూనే దిగుమతిదారుల నుంచి అదనపు బాండు, అంటే సుంకం చెల్లిస్తామనే పూచీకత్తు కూడా అడిగింది. గడిచిన 12 నెలల్లో తెప్పించిన సరుకు విలువను సుంకం రేటుతో గుణిస్తే వచ్చేంత మొత్తానికి ఆ బాండు. అక్కడ తుది సుంకం తేలడానికి ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ బాండు విడుదల కాదు, మరుసటి ఏడాది సరుకుకు మళ్లీ కొత్త బాండు. ఇలా పెట్టుబడి ఇరుక్కుపోతే చిన్న వ్యాపారి నిలబడలేడు. 2006లో భారత్ డబ్ల్యూటీవోలో ఫిర్యాదు చేసింది, 2008 జులైలో అప్పీలు దశలోనూ గెలిచింది. మరుసటి ఏడాది అమెరికా ఆ బాండు ఎత్తేసింది.

ఇప్పుడు అలా గెలిచినా ఫలితం చేతికి రాదు. అప్పీలు మండలిలో ఏడుగురు ఉండాలి, ఒక్కో కేసు ముగ్గురు వినాలి. నియామకానికి సభ్య దేశాలన్నీ ఒప్పుకోవాలి. అమెరికా ఒక్కటే అడ్డుపడుతూ వచ్చింది. 2019 డిసెంబరులో భారతీయుడు ఉజల్ సింగ్ భాటియాతో సహా ఇద్దరి పదవీకాలం ముగిసి, ఒక్కరే మిగిలారు. ఏడాది తిరిగేలోగా ఆ ఒక్కరూ దిగిపోయారు. 130 దేశాలు కలిసి అడిగినా ఖాళీలు నిండలేదు. అప్పీలు తేలేదాకా, కేసును మొదట వినే ప్యానెల్ ఇచ్చిన తీర్పు ఆమోదానికి రాదు. కాబట్టి ఓడిన దేశం అప్పీలు వేస్తే చాలు, తీర్పు అక్కడే ఆగిపోతుంది. 2021 డిసెంబరులో చక్కెర సబ్సిడీల కేసు ఓడిపోయాక మనమూ అదే చేశాం. ఆ లొసుగు వాడుకుంటూ సంస్థ పనిచేయడం లేదనడం న్యాయం కాదు.

ఐరోపా సమాఖ్య, చైనా, బ్రెజిల్, ఆస్ట్రేలియా, జపాన్ వంటి దేశాలు తమలో తాము తాత్కాలిక అప్పీలు మధ్యవర్తిత్వం నడుపుకుంటున్నాయి. పదిమంది మధ్యవర్తుల జాబితా, 90 రోజుల గడువు. భారత్ అందులో లేదు. చేరితే అమెరికా దారికొస్తుందని కాదు, ఆ దేశం అందులో లేదు. కానీ ఐరోపా, జపాన్ కూడా మన రొయ్యలు కొనే మార్కెట్లే. రేపు అక్కడ తగాదా వస్తే వినే వేదిక ఉంటుంది. చేరడానికి జెనీవాలో ఒక లిఖితపూర్వక నోటీసు ఇస్తే సరిపోతుంది, వద్దనుకుంటే మరో నోటీసుతో బయటికి రావచ్చు. కేంద్ర వాణిజ్య శాఖ ఆ నోటీసు ఎందుకివ్వడం లేదో పార్లమెంటులో మన ఎంపీలు అడగాలి.

- ఒక పాఠకుడు, భీమవరం