తిరస్కరించిన పిల్లలను మరో కోచ్‌కూ చూపించాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఆంటోనియో గేట్స్ గురించి ఇటీవల మీ క్రీడా పేజీలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. కాలేజీలో ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఆడకుండానే ఆ ఆటలో శిఖరానికి చేరిన వైనాన్ని చక్కగా చెప్పారు గానీ, అదంతా అదృష్టం కలిసిరావడమే అన్నట్టు ముగించడం నాకు సమంజసంగా తోచలేదు.

గేట్స్ ఆడింది టైట్ ఎండ్ స్థానంలో. ముందు వరుస చివర, ప్రత్యర్థులను అడ్డుకునే టాకిల్ అనే ఆటగాడి పక్కనే నిలబడే ఇతడు, తన జట్టువారు బంతితో పరుగెత్తేటప్పుడు ఎదుటి భారీకాయులను ఒంటితో నిలువరించాలి. దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేటప్పుడు ముందుకు దూసుకెళ్లి దాన్ని అందుకోవాలి. బలమూ చురుకుదనమూ రెండూ ఒకే మనిషిలో ఉండాలి కనుక ఇలాంటివారు దొరకడం కష్టం.

డెట్రాయిట్‌కు చెందిన గేట్స్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ రెండూ ఆడాలన్న ఆశతో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో చేరినా, ఫుట్‌బాల్ ఒక్కటే ఆడాలని అక్కడి కోచ్ పట్టుబట్టడంతో బయటికి వచ్చి, చివరికి కెంట్ స్టేట్ తరఫున బాస్కెట్‌బాల్ ఆడారు. 2002లో ఆ జట్టు జాతీయ కాలేజీ టోర్నీలో చివరి ఎనిమిదింటి దాకా వెళ్లింది. అయినా బాస్కెట్ దగ్గర బలంగా ఆడే పవర్ ఫార్వర్డ్‌కు 6 అడుగుల 4 అంగుళాలు చాలవని అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఆయనను పట్టించుకోలేదు. ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే 2003 డ్రాఫ్ట్‌లో జట్లు తీసుకున్న 262 మందిలోనూ ఆయన లేరు. ఆ తరువాతే శాన్ డియాగో చార్జర్స్ జట్టు ఆయనతో ఒప్పందం చేసుకుంది.

బాస్కెట్ కింద ప్రత్యర్థిని వీపుతో కాచుకుంటూ, గాలిలో బంతి ఎక్కడ అందుతుందో ముందే లెక్కగట్టి ఎగరడం ఏళ్ల తరబడి సాధన చేసిన మనిషికి, డిఫెండర్‌కూ బంతికీ నడుమ తన ఒంటిని అడ్డుపెట్టడం కొత్త విద్య కాదు. అదే ఆయన పెట్టుబడి. మిగిలినది నేర్చుకోవడానికి మాత్రం సమయం పట్టింది: మొదటి సీజన్‌లో 24 క్యాచ్‌లు, 2 టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించి చేసే స్కోరు), మరుసటి ఏడాది 81 క్యాచ్‌లు, 13 టచ్‌డౌన్లు. ఒకే సీజన్‌లో అన్ని టచ్‌డౌన్లు అంతకుముందు ఏ టైట్ ఎండూ చేయలేదు. ఒకే జట్టుకు 16 సీజన్లు ఆడి, 2017లో మరో టైట్ ఎండ్ టోనీ గొంజాలెజ్ పేరిట ఉన్న, ఆ స్థానంలో ఆడేవారిలో 111 టచ్‌డౌన్ల రికార్డును దాటి, 116 దగ్గర ఆగారు. ఆ గొంజాలెజ్ కూడా కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడినవాడే. నిషిద్ధ ఉత్ప్రేరకాల నిబంధన కింద 2015లో గేట్స్‌పై నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడిన సంగతిని మీ వ్యాసం వదిలేసింది. 2025లో ఆ ఆట మేటి క్రీడాకారుల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికైన క్రీడాకారుడి విషయంలోనైనా అది చెప్పవలసిందే.

ఇంతగా రాయడానికి కారణం మన ఎంపిక పోటీలు. విజయవాడలో గానీ గుంటూరులో గానీ పాఠశాల క్రీడల ఎంపికలకు వచ్చిన పిల్లవాడు బాస్కెట్‌బాల్‌కు ఎత్తు చాలదనో, వాలీబాల్‌కు చేయి ఆడదనో ఇంటిదారి పడితే, పక్క కోర్టులో హ్యాండ్‌బాల్ కోచ్‌కు సరిగ్గా అలాంటి భుజబలమే కావలసి ఉన్నా ఆ కబురు అటు చేరదు. ఎవరి ఆట వారిదే, ఎవరి జాబితా వారిదే. పీఈటీలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఒక్కరే అన్ని ఆటలూ చూసుకునే బడులు నాకు తెలుసు. కనుక జిల్లా స్థాయి ఎంపికల్లో తిరస్కరించిన ప్రతి విద్యార్థి ఎత్తు, బరువు, పరుగు సమయం ఒక కాగితంపై రాసి మిగతా ఆటల కోచ్‌లకు అందేలా అధికారులు ఈ విద్యా సంవత్సరం నుంచే ఏర్పాటు చేయాలని, ఈ విషయాన్ని మీ పత్రిక వారి దృష్టికి తేవాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
సత్యనారాయణపురం, విజయవాడ