మేస్త్రి ఆపమంటే వినే మేనేజర్లు కావాలి

సంపాదకులకు,

అయ్యా,

మన ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఎత్తిపోతల పథకాలు, కాలేజీ భవనాలు, హాస్టళ్లు, బ్రిడ్జీలు కడుతూనే ఉన్నారు. టెండరు పిలిచేటప్పుడు కాంట్రాక్టరు టర్నోవరు, యంత్రాలు, పాత పనులు అన్నీ చూస్తారు. పనిని రోజూ నడిపించే ప్రాజెక్టు మేనేజరుకు మాత్రం డిగ్రీ, అనుభవం కాగితం మీద ఉంటే చాలు. కింది మనిషి మాట ఆయన వింటాడా లేదా అన్నది ఎవరికీ పట్టదు. నాగర్‌కర్నూలు, మిర్యాలగూడ వైపు సైట్ సూపర్‌వైజర్‌గా పనిచేసిన నాకు, కట్టడం గట్టిదనం, కూలీల ప్రాణాలు చాలావరకు అక్కడే తేలిపోతాయని అనిపిస్తుంది.

ఒక హాస్టల్ భవనంలో హాలు మీద పొడుగు బీము వేశాం. స్పాను, అంటే బీము ఆనే రెండు ఆధారాల మధ్య దూరం, ఆరు మీటర్లు దాటితే కింద దాన్ని మోసే జాకీలు 21 రోజులు ఉంచాలని కాంక్రీటు పనుల జాతీయ ప్రమాణం ఐఎస్ 456 కోడు చెబుతుంది. రెండు వారాలైనా నిండకముందే మేనేజర్ ఫోన్ చేసి, పై స్లాబుకు సామాను చాలడం లేదు, జాకీలు తీసేయమన్నాడు. సెంట్రింగ్ మేస్త్రి అచ్చంపేట వైపు మనిషి, పని తెలిసినవాడు. ‘ఇంకో వారం ఆగుదాం సార్’ అన్నాడు. ‘ఇంజినీరువు నువ్వా, నేనా?’ అని మేనేజర్ స్పీకర్ ఫోన్‌లో, అందరూ వింటుండగానే తిట్టాడు. ఆ సాయంత్రమే జాకీలు తీయించారు. బీము కూలలేదు గానీ మధ్యలో సన్నటి పగుళ్లు వచ్చాయి. ప్లాస్టరింగు చేసి కప్పేశారు.

అంతకన్నా పెద్ద నష్టం తర్వాత జరిగింది. ఆ మేస్త్రి ఇక ఏం కనిపించినా నోరు విప్పలేదు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ అంతే. కొన్నాళ్లకు పరంజా కట్టు వదులైన సంగతి ఇద్దరు ముగ్గురికి తెలిసినా ఎవరూ చెప్పలేదు. ఒక కుర్రాడు పైనుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

మరో సైటులో మేనేజర్ పొద్దున్నే మేస్త్రీలను పిలిచి, నిన్న ఎక్కడ భయమనిపించిందో అడిగేవాడు. ఒడిశా కూలీలకు వాళ్ల మేస్త్రి చేత వాళ్ల భాషలోనే చెప్పించేవాడు. రోహిణి కార్తె ఎండలకు మధ్యాహ్నం కాంక్రీటు ఆపించి సాయంత్రానికి మార్చాడు. మెత్తని మనిషేం కాదు, ఒక్క పూట క్యూరింగు (కాంక్రీటును నీళ్లతో తడపడం) తప్పినా ఊరుకునేవాడు కాదు. కానీ పని ఆపమన్నవాడిని ఎన్నడూ తిట్టలేదు. కూలగొట్టి మళ్లీ కట్టే అవసరం రాలేదు కాబట్టి పనీ ఆలస్యం కాలేదు.

తప్పంతా మేనేజర్లదే అనను. బిల్లులు నెలల తరబడి రావు, ప్రారంభోత్సవం తేదీ మాత్రం ముందే ఖరారవుతుంది. పైనుంచి దిగే ఆ టెన్షన్ చివరికి కూలీ మీదే పడుతుంది. నాగార్జునసాగర్ మొదలు దేశమంతా ప్రాజెక్టులు కట్టిన పాలమూరు లేబర్‌కు ఇది తెలియని సంగతి కాదు. కూలీలను గుంపుగా పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాడు ఎదురు చెప్పలేడు. ఇవాళ జార్ఖండ్, బిహార్ నుంచి మన దగ్గరికి వస్తున్నవాళ్లదీ అదే బతుకు, పైగా భాష రాదు.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగంలో ఎనిమిది మంది చిక్కుకుపోయారు. అందులో నలుగురు కూలీలు జార్ఖండ్ వాళ్లే. ఆ ప్రమాదానికి కారణాలు తేల్చాల్సింది నిపుణులు. నేను చెప్పేది ఒక్కటే, ఏ సొరంగంలోనైనా నీరు ఊరినా, మట్టి రాలినా ముందు చూసేది లోపల పనిచేసే మనిషే. ఆ మాట పైదాకా వెళ్లే దారి ఉండాలి.

పెద్ద సైటులో కార్మికుల ప్రతినిధులతో భద్రతా కమిటీ ఉండాలని 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టంలోనే రాశారు. నేను పనిచేసిన చోట్ల అది రిజిస్టరులో సంతకాలకే పరిమితం. ఇకపై పిలిచే టెండర్లలో, ప్రమాదం అనిపిస్తే పని ఆపించే అధికారం మేస్త్రీకి ఉంటుందని, ఆపినందుకు కూలి కోయరాదని షరతు పెట్టాలి. ఎవరు ఎప్పుడు ఆపమన్నారో, మేనేజర్ ఏం చేశాడో రాసే రిజిస్టరును బిల్లు చెల్లించే ముందు ఇంజినీర్లు తప్పక చూడాలి. నీటిపారుదల, రోడ్లు భవనాల శాఖల అధికారులు, మా జిల్లాల కలెక్టర్లు దీన్ని ఈ ఏడాది పనుల నుంచే అమలు చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సైట్ సూపర్‌వైజర్,
నాగర్‌కర్నూలు