గోదావరి ఫోటో కిందికి వెళ్లింది, పూతరేకులు పైకి వచ్చాయి

మా పూతరేకుల కొట్టు వెబ్‌సైటు తెరిచి, గోదావరి మీద సూర్యాస్తమయం తప్ప పూతరేకులు కనిపించక వెనక్కి వెళ్లిపోయిన వాళ్లందరికీ ముందుగా క్షమాపణలు. సంక్రాంతికి మూడు వారాల ముందు వెబ్‌సైటును కొత్తగా చేయించాం. ఆ రోజు నుంచే ఆర్డర్లు సగానికి పడిపోయాయి. నేను కొన్నాళ్లు కొరియర్ వాళ్లను అనుమానించాను, మరికొన్నాళ్లు నెయ్యి ధరను తిట్టుకున్నాను. పన్నెండేళ్లుగా మా దగ్గరే తెప్పించుకుంటున్న నిజామాబాదు పెద్దావిడ ఒకరు ఫోను చేసి, "బాబూ, పూతరేకులు మానేసి పడవ షికార్లు మొదలుపెట్టారా?" అని అడిగేదాకా అసలు సంగతి తలకెక్కలేదు.

పట్నంలోని ఒక డిజైన్ సంస్థకు నలభై వేలు ఇచ్చాను. పేజీ పై భాగంలో వాళ్లు ఐదు పెద్ద ఫోటోలు పెట్టారు. నాలుగు సెకన్లకొకటి జరిగిపోతుంది. వాటి మీద "తరతరాల తీపి ప్రయాణం" అని అక్షరాలు. చదవడం పూర్తయ్యేలోపే ఫోటో మారిపోతుంది. పూతరేకుల వంతు మూడోది. కొనే బటన్ వీటన్నిటికీ కింద. అక్షరాలు పెద్దవి చేసుకుని చదివే పెద్దవాళ్ల ఫోన్లలో అది తెర దాటి ఎక్కడికో పోయింది. ఇది చాలదన్నట్టు, పది శాతం తగ్గింపు కావాలంటే ఫోను నంబరు ఇవ్వమంటూ ఒక పెట్టె అడ్డం వచ్చేది. ఒక్కో ఫోటో బరువు ఐదు ఎంబీ. పేజీలో కనిపించే పెద్ద బొమ్మ 2.5 సెకన్లలోపు రావాలని గూగుల్ చెబుతుంది. మా ఇంట్లో, నా ఫోనులో, పన్నెండు దాకా లెక్కపెట్టాను.

అన్నీ వాళ్ల మీదికి నెట్టడం న్యాయం కాదు. ఆ గోదావరి ఫోటో నేను పట్టుబట్టి పెట్టించిందే. బొబ్బర్లంక దగ్గర మా తమ్ముడు తీశాడు. చూసినవాళ్లంతా బాగుందన్నారు, కొన్నవాళ్లు మాత్రం లేరు.

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. పూతరేకుల ఫోటో మొదట పెట్టమంటే ఆ డిజైనర్ అబ్బాయి, "కాగితం ముక్కలా ఉంది సార్, ఎవరూ ఆగరు" అన్నాడు. కాగితమట! జయ బియ్యం నానబెట్టి, పల్చగా రుబ్బి, ఆ పిండిలో ముంచిన గుడ్డను కాలుతున్న కుండ మీద ఒక్కసారి పరిచి తీస్తే వచ్చే రేకు అది. కింద కొబ్బరాకుల మంట. ఆ సెగకు మా అమ్మ వేళ్లు మొద్దుబారి నలభై ఏళ్లయింది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కాగితానికి కాదు కదా. ఆ అబ్బాయితో నేను ఇప్పటికీ మాట్లాడటం లేదు.

కోపం దిగాక ఆ ఫోటో మళ్లీ చూశాను. తెల్ల రేకు, తెల్ల పళ్లెం, తెల్ల పేజీ. అక్కడ ఏదో ఉందని నాకే తెలియలేదు. ఇక వారం రోజులు ఇదే పని. స్టీలు పళ్లెంలో పెడితే మెరుపు తప్ప మరేమీ లేదు. ఇత్తడి పళ్లెంలో పెడితే పూజ సామగ్రి అమ్ముతున్నట్టుంది. పైన జీడిపప్పు చల్లితే జీడిపప్పు దుకాణమైంది. అమ్మ కుండ మీద రేకు తీస్తున్న ఫోటో పెట్టమని ఇంటిల్లిపాదీ అన్నారు. నాకూ అదే ఇష్టం. కానీ అరచేతిలో పట్టే తెర మీద పొగ, కుండ కనిపిస్తున్నాయి గానీ మేము అమ్మేదేమిటో తెలియడం లేదు. రెండు రాత్రులు నిద్రపోలేదు. చివరికి అరిటాకు మీద ఒక బెల్లం పూతరేకు పెట్టి, మధ్యకు విరిచి, పొద్దున కిటికీ వెలుగులో తీశాం. పొరల మధ్య బెల్లం పొడి, నెయ్యి తడి కనిపిస్తున్నాయి. అదే పైన ఉంది. అమ్మ ఫోటో కిందికి జరిగింది. "నన్ను కింద పెట్టావా?" అని అడిగింది. ఏమీ చెప్పలేకపోయాను.

టీ కొట్టులో దండెం మీద మడిచి వేలాడదీసిన పేపరు చూశారా? పై సగం నచ్చితేనే చెయ్యి వేస్తాం. డిజైన్ వాళ్లు మొదటి తెరను "మడతకు పై భాగం" అని పిలిచేది కూడా ఆ పేపరు మడతను బట్టేనట. అందుకని ఫోటో పక్కన మూడే మాటలు రాయించాను: ఆత్రేయపురం పూతరేకులు, బెల్లంవి లేదా చక్కెరవి, ఏ రోజు చుట్టినవో డబ్బా మీద ఉంటుంది. వాటి కిందే బటన్. దాని మీద "ఆర్డర్ చేయండి" అని ఉండాలని మా అమ్మాయి వాదించింది. మా కొట్టుకు వచ్చి ఆ మాట అన్నవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు. "ఒక డబ్బా కట్టండి" అంటారు. బటన్ మీదా అదే ఉంది. ఇప్పటికే ఇద్దరు దాని అర్థమేమిటని అడిగారు. అయినా మార్చను.

ధరలు పాతవే. ఫోనులో చెప్పేవాళ్లు ఎప్పటిలాగే చెప్పవచ్చు. అడ్డం వచ్చే పెట్టె తీసేశాం. ఆ పది శాతం తగ్గింపు ఫిబ్రవరి ఆఖరు దాకా ఎవరి నంబరూ అడగకుండానే ఇస్తాం. పండక్కి తెప్పించుకోవాలని చూసి కుదరనివాళ్లు ఒక్క ఫోను చేయండి, ఈసారి కొరియర్ ఖర్చు మాది.

గోదావరి ఫోటో పేజీ అట్టడుగున ఉంది. దాన్ని మాత్రం తీయమని ఎవరూ అడగవద్దు.