నెలకో ఆదివారం, రెండు గంటల రోడ్డు: ఆంధ్రప్రదేశ్ రవాణా, క్రీడల శాఖల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రవాణా, యువజన, క్రీడల శాఖల మంత్రి గారికి,
ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, వెలగపూడి.

నమస్కారం.

జూలైలో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసులో ఒక స్టేజీ, అంటే ఒక రోజు పోటీ, ముగిసే సరికి మనకు రాత్రి తొమ్మిది అవుతుంది. సైకిల్ రేసు పిచ్చి పట్టిన పదహారేళ్ల కుర్రాళ్లు విశాఖలోనూ ఉన్నారు, మదనపల్లెలోనూ ఉన్నారు. వాళ్లు ఫోన్లో ఆ చివరి పది కిలోమీటర్లు కన్నార్పకుండా చూస్తారు. ఛాంపియన్ పొగాచర్ కొండెక్కుతూ ఏ మలుపులో లేచి తొక్కాడో, చివర్లో దూసుకెళ్లే స్ప్రింటర్‌ను జట్టువాళ్లు గీతకు ఎంత దూరంలో వదిలారో, పక్కగాలి తగలగానే గుంపు ఎక్కడ తెగిందో అడిగితే పూస గుచ్చినట్టు చెబుతారు. తెల్లారి సైకిలెక్కితే మాత్రం వాళ్లకు మిగిలేది లారీలు దూసుకుపోయే హైవే అంచు. చూసి నేర్చుకున్నదాన్ని చేసి చూసుకునే చోటు లేదు.

మేము అడిగేది ఒక్కటే. నెలకో ఆదివారం, తెల్లవారుజామున రెండు గంటలు, పూర్తి వెడల్పున మూసిన రోడ్డు కావాలి. మీ దగ్గర రవాణా ఉంది, క్రీడలూ ఉన్నాయి. ఆర్టీసీ బస్సును పావుగంట ఆపమని చెప్పగలిగే మంత్రి, పిల్లల పోటీలు చూసే మంత్రి ఒక్కరే కావడం రోడ్డు రేసుకు దొరికిన అదృష్టం. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాం.

"సగం రోడ్డు మూస్తే సరిపోదా?" అన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. సరిపోదు. ఎందుకో కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే మిగతా ఏర్పాట్లన్నీ ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉన్నాయి.

రోడ్డు రేసంటే ముందువాడి చక్రం పట్టుకుని, వాడి గాలినీడలో, అంటే వాడు గాలిని అడ్డుకునే చోట తొక్కడం. మీటరు లోపు దూరంలో ఉంటే వెనకవాడి శ్రమ నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గుతుంది, గుంపు నడుమ ఇంకా ఎక్కువ తగ్గుతుంది. ఎదురుగాలి అయితే ఆ నీడ సరిగ్గా వెనకే ఉంటుంది. పక్కగాలి అయితే నీడ ఏటవాలుగా పక్కకు జరుగుతుంది. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు వెళ్తుంటే సముద్రం కుడిచేతి పక్క, గాలీ అటునుంచే. అప్పుడు మొదటివాడు రోడ్డు కుడి అంచున, రెండోవాడు వాడి వెనక కాస్త ఎడమకు, మూడోవాడు ఇంకాస్త ఎడమకు, ఇలా రోడ్డుకు అడ్డంగా ఏటవాలు వరస కట్టాలి. దాన్నే ఎషెలాన్ అంటారు. ఒక్కో సైకిలుకు ముప్పావు మీటరు వేసుకుంటే, 3.5 మీటర్ల ఒక్క లేనులో నలుగురైదుగురు పడతారు. 7 మీటర్లలో తొమ్మిదిమంది పడతారు. వరసలో చోటు దొరకనివాళ్లు ఎడమ అంచున బారుగా, నీడ లేకుండా, గాలికి నలిగిపోతూ వెనకబడతారు. రేసు తెగేది అక్కడే.

ఇప్పుడు డివైడర్ లేని రోడ్డు మీద కోన్లు పెట్టి, పోయే దిశకు ఎడమ సగం ఇచ్చారనుకోండి. భీమిలి వైపు పోయేటప్పుడు ఆరోవాడు తారు విరిగిన అంచు దాటి మట్టిలోకి దిగుతాడు. తిరిగొచ్చేటప్పుడు సముద్రం ఎడమపక్కకు వస్తుంది, గాలినీడ కుడివైపు పడుతుంది. ఆరోవాడు ఆ నీడ కోసం కోన్లు దాటి ఎదురొచ్చే వాహనాల వైపు జరుగుతాడు. క్రమశిక్షణ లేక కాదు, ఆట అక్కడికి తోస్తుంది. ఎంత అరిచి చెప్పినా ఆగే పని కాదిది. సగం మూసిన రోడ్డు మీద గుంపు రేసు పెట్టడం కన్నా పెట్టకపోవడమే మంచిదని మా గట్టి అభిప్రాయం.

వేగం సంగతి. జూనియర్ కుర్రాళ్లు చదును రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్లకు పైనే పోతారు, చివరి స్ప్రింటులో 60 దాటుతుంది. 60 అంటే సెకనుకు పదహారు, పదిహేడు మీటర్లు. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినా సైకిలు ఆగడానికి 28 మీటర్లు పడుతుంది. చూసి తేరుకునే ఒక సెకను కలిపితే 45. గుంపులో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య ఉండేది అర మీటరు. అంటే గుంపులో ఉన్నవాడికి అడ్డంకి చూసి ఆగే వీలే లేదు. ఆ అడ్డంకిని ముందురోజే తీసేయాలి, లేదా దానికి 50 మీటర్ల ముందు పచ్చజెండా కాదు, పసుపు జెండా, విజిల్ పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. టీవీలో ట్రాఫిక్ ఐలాండ్ ముందు పసుపు జెండా ఊపే మార్షల్‌ను పిల్లలు పట్టించుకోరు. నిర్వాహకులు మాత్రం ముందుగా నేర్చుకోవాల్సింది అతన్నుంచే.

మన రోడ్ల మీద ఏవి పడేస్తాయో మాకు తెలుసు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలతతో, అంటే 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో వేసిన స్పీడ్ బ్రేకర్ ముందే తెలిస్తే వేగం తగ్గించి దాటవచ్చు. ఊరివాళ్లు రాత్రికి రాత్రి పోసుకున్న సన్నటి సిమెంటు దిమ్మె అలా కాదు, హ్యాండిల్ మీంచి చేతులు ఊడిపోతాయి. కాలువల మీది జాలీల్లో ఇనుప చువ్వలు రోడ్డు వెంబడి ఉంటే 25 మిల్లీమీటర్ల టైరు సందులో దిగిపోతుంది. చువ్వలు అడ్డంగా వచ్చేలా జాలీని తిప్పి బిగిస్తే చాలు. బీచ్ రోడ్డు మలుపుల్లో గాలికి కొట్టుకొచ్చిన ఇసుక ఉంటుంది, రేసుకు గంట ముందు ఊడ్చాలి, ముందురోజు ఊడిస్తే లాభం లేదు. కోతల కాలంలో పల్లె రోడ్ల మీద వడ్లు, మొక్కజొన్న ఆరబోస్తారు. రైతుకు వేరే కళ్లం లేదు కాబట్టి ఆ నెలల్లో ఆ దారిని వదిలేయడమే న్యాయం.

చాలామంది పిల్లలు 23 మిల్లీమీటర్ల టైరులో 120 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి కొట్టి, గట్టిగా ఉంటేనే వేగం అనుకుంటారు. గరుకు తారు మీద అలాంటి టైరు ఎగిరెగిరి పడుతుంది, మలుపులో జారుతుంది. 60 కిలోల కుర్రాడికి 28 మిల్లీమీటర్ల టైరు, 70 పీఎస్ఐకి అటూఇటూ గాలి సరిపోతుంది. పంపు దగ్గర చెప్పేవాళ్లు ఒకరుంటే తీరే సమస్య ఇది. రేసులు క్రమంగా జరిగే చోట ఇలాంటివి ఒకరిని చూసి ఒకరు నేర్చుకుంటారు.

2024 సెప్టెంబరు 26న జ్యూరిక్‌లో, ప్రపంచ పోటీల జూనియర్ అమ్మాయిల రేసులో, వానలో, అడవి పక్కనున్న దిగుడులో మ్యూరియల్ ఫ్యూరర్ పడిపోయింది. పద్దెనిమిదేళ్లు. చాలాసేపు ఆమె పడిన సంగతే ఎవరికీ తెలియలేదు. మర్నాడు చనిపోయింది. అంత డబ్బు, అన్ని కెమెరాలు ఉన్న చోట జరిగిందిది. మరుసటి ఏడు రువాండా రాజధాని కిగాలీలో జరిగిన ప్రపంచ పోటీల్లో రైడర్లందరికీ జీపీఎస్ పరికరాలు ఇచ్చారు. మన దగ్గర మొదటి రోజునే పరికరాలు లేకపోవచ్చు, లెక్క మాత్రం ఉండాలి. బయల్దేరే ముందు సంతకాల పట్టిక, ప్రతి ల్యాపులో, అంటే ప్రతి చుట్టులో, నంబర్లు రాసుకునే ఇద్దరు, చివర నడిచే బండిలో అదే పట్టిక. గీత దాటినవాళ్లు, బండెక్కినవాళ్లు, మధ్యలో చెప్పి ఆగినవాళ్లు కలిపి బయల్దేరినవాళ్ల సంఖ్యకు సరిపోవాలి. ఒక్కరు తగ్గినా రోడ్డు తెరవకూడదు, వెతకాలి. అంబులెన్సులు రెండు ఉండాలి. ఒకటి గాయపడినవాణ్ణి తీసుకెళ్తే రెండోది మిగులుతుంది. అదీ వెళ్లిపోతే, ఒకటి తిరిగొచ్చే దాకా రేసు ఆగాలి.

ఇక చట్టం. కొత్త చట్టం అక్కర్లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రజల భద్రత కోసం ఫలానా రోడ్డు మీద వాహనాలను నిషేధించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి, ప్రభుత్వం అప్పగించిన అధికారికి ఉంది. నిషేధం నెల మించకపోతే గెజిట్ ప్రకటన కూడా అవసరం లేదు, వీలైనంత మేర స్థానికంగా తెలియజేయాలి. జూనియర్ సైకిల్ రేసుల కోసం ఈ అధికారాన్ని ఎవరు వాడాలో, దరఖాస్తుకు ఎన్ని రోజుల్లో జవాబివ్వాలో చెబుతూ మీ శాఖ నుంచి ఒక్క ఉత్తర్వు వస్తే చాలు. ఇప్పుడు పోలీసు, మున్సిపల్, రోడ్లు భవనాలు, ఆరోగ్యం అంటూ కాగితం ఒక్కో గుమ్మం ఎక్కి దిగాలి. ఒక్క గుమ్మం దగ్గర ఆగినా రేసు పోయినట్టే.

ఒకేసారి వంద కిలోమీటర్ల రేసు పెట్టమనడం లేదు. మొదట టైమ్ ట్రయల్, అంటే గడియారంతో పోటీ. నిమిషానికొకరు బయల్దేరతారు, గుంపు ఉండదు. ముందువాణ్ణి దాటేవాడు రెండు మీటర్లు పక్కగా పోవాలి, దొరికిపోయినవాడు 25 మీటర్లు వెనక ఉండాలి. పది కిలోమీటర్లు చాలు. మార్షళ్లు పని నేర్చుకునేది కూడా ఇక్కడే.

రెండోది కొండ ఎక్కుడు. హార్స్లీ హిల్స్ ఘాట్ రోడ్డు దీనికి అచ్చంగా సరిపోతుంది. పైకి మాత్రమే రేసు. ఎక్కుడులో వేగం తక్కువ, కాబట్టి పడినా గాయం చిన్నది. గంటంబావు మూస్తే అయిపోతుంది. దిగేటప్పుడు అందరూ ఒక కారు వెనక, దాన్ని దాటకుండా దిగాలి. ఈ నియమంలో మాత్రం సడలింపు వద్దు, ఎందుకంటే గెలిచిన హుషారులో దిగే పిల్లలే ఎక్కువ ప్రమాదంలో ఉంటారు.

మూడోది క్రైటీరియం, అంటే చిన్న చుట్టు మీద గుంపు రేసు. విశాఖలో తెల్లవారుజామున నడక కోసం బీచ్ రోడ్డు మీద కొంత మేర వాహనాలు ఆపడం ఎప్పటినుంచో అలవాటే. నడకవాళ్లకు ఫుట్‌పాత్ వైపు వదిలి, నెలకో రోజు ఆ వేళను ఇంకాస్త పొడిగిస్తే చాలు. కిలోమీటరున్నర చుట్టు, అరగంట, ఆ పైన మూడు ల్యాపులు, నలభై మందికి మించకుండా. కొత్తవాళ్లను, ఆరితేరినవాళ్లను కలపకండి. కలిపితే కొత్తవాడు రెండో ల్యాపులోనే వెనకబడి బయటికి వస్తాడు, మళ్లీ రేసు ముఖం చూడడు. వాళ్లకు వేరే రేసు, ఇరవై నిమిషాలు చాలు. యూటర్నుల దగ్గర పోలీసు బారికేడ్లు పెట్టకండి. వాటి ఇనుప కాళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, చక్రం తగిలితే పదిమంది పడతారు. ముగింపు గీత దగ్గర బారికేడ్లు తప్పవు. ఆ గీతకు ముందు 300 మీటర్లు, తర్వాత 100 మీటర్లు, కాళ్లు బయటికి రాని రకం, ఒకదానికొకటి బిగించి పెట్టాలి. 2020లో పోలండ్ టూర్‌లో ఫాబియో యాకబ్‌సన్ అంత ఘోరంగా పడ్డది దిగుడు ముగింపు మీద, బారికేడ్లు ఎగిరిపోయిన చోటే. ముగింపు దిగుడులో పెట్టకండి.

ఈ మూడూ ఒక ఏడాది నడిచాకే ఊళ్ల మీదుగా పోయే రోడ్డు రేసు. అక్కడ పొద్దంతా రోడ్డు మూయరు, మూత రేసుతో పాటు కదులుతుంది. అయిదు నిమిషాల ముందు మైకుతో పోలీసు బండి, కిలోమీటరు ముందు ఎర్రజెండా కారు, రేసు, న్యాయనిర్ణేతల కారు, పంక్చరైతే మార్చడానికి విడి చక్రాలు తెచ్చే చక్రాల బండి, అంబులెన్సు, చివర పచ్చజెండా బండి. ఎర్రజెండాకూ పచ్చజెండాకూ మధ్య పావుగంట ఎడం అనుకుంటే, 40 వేగం మీద అది పది కిలోమీటర్లు. ఏ ఊరూ పావుగంటకు మించి ఆగదు. ఎడం అంతకంటే సాగితే వెనకవాళ్లను ఆపేయాలి. చక్రాల బండిలో డిస్క్ బ్రేకు చక్రాలు, పాత రిమ్ బ్రేకు చక్రాలు రెండూ ఉండాలి, పిల్లల దగ్గర రెండు రకాలూ ఉంటాయి.

తేదీ ఖాయం చేసేటప్పుడు పంచాంగం చూడండి. పెళ్లి ముహూర్తాల రోజున, జాతర రోజున, పరీక్షల రోజున ఊరి రోడ్డు మూస్తే రెండోసారి ఆ ఊరు రానివ్వదు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. వారం ముందు గ్రామ సచివాలయం ద్వారా కబురు, రెండు రోజుల ముందు దండోరా, ఆర్టీసీ డిపో మేనేజర్‌కు గంటల వారీ కాగితం. ప్రతి సందు మొగదలా ఒక మనిషి ఉండాలి. బయటి ఊరివాళ్లను కాక ఆ వీధి కుర్రాళ్లనే నిలబెట్టండి. ఏ ఇంటి గేదె ఏ వేళకు రోడ్డెక్కుతుందో వాళ్లకే తెలుసు.

ఇదంతా మనకు మించిన పని కాదు. 2026 జనవరిలో పుణే జిల్లా అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య కేలండర్‌లోని అయిదు రోజుల రేసు నిర్వహించింది. 437 కిలోమీటర్లు. రువాండా 2009 నుంచి తన టూర్‌ను ఆ కేలండర్‌లో నడుపుతోంది, 2025లో ఆఫ్రికాలోనే మొదటి ప్రపంచ రోడ్డు పోటీలు కిగాలీలో జరిగాయి. ఎరిట్రియా కుర్రాడు బినియమ్ గిర్మాయ్ 2024 టూర్ డి ఫ్రాన్స్‌లో మూడు స్టేజీలు గెలిచి, పాయింట్లలో మొదటివాడికిచ్చే పచ్చ జెర్సీ తొడుక్కున్నాడు. ఎరిట్రియాలో పిల్లలు ఊరి వీధుల్లో రేసులు తొక్కుతూ పెరుగుతారు.

ముందుగా కావలసినవి మూడు: 115వ సెక్షన్ కింద ఉత్తర్వు, దరఖాస్తులు తీసుకునే ఒక అధికారి పేరు, హార్స్లీ హిల్స్ ఎక్కుడుకు ఒక ఆదివారం. మార్షళ్లను, సంతకాల పట్టికలను, చక్రాల బండిని మేము చూసుకుంటాం. రెండు అంబులెన్సులు, కొండ కింద ఇద్దరు, కొండ మీద ఇద్దరు పోలీసులు మీ వైపు నుంచి కావాలి.

ఇట్లు,
రోడ్డు సైక్లింగ్ పిల్లలకు తర్ఫీదు ఇస్తున్న కొందరం